ఆయన ఏడ్చింది టమాటాలకు కాదు

కర్నూలులో ఒక దినపత్రిక డెస్కులో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. పత్తికొండ, ఆలూరు, డోన్ వైపు నుంచి విలేకరులు పంపే వార్తల్ని దిద్ది పేజీలో పెట్టడం నా పని. బోరు ఎండిపోయిందనో, బస్సు రావడం లేదనో, బడిలో టీచరు లేడనో వార్తలు వచ్చేవి. కొన్ని వాక్యాలకు కర్త ఉండదు, కొన్నింటికి క్రియ ఉండదు. నేను ఫోన్ చేసి, "ఎవరప్పా బోరు వేసింది? రైతా, పంచాయతీనా?" అని అడిగేదాన్ని. విసుక్కునేవాళ్ళు, కానీ కనుక్కుని చెప్పేవాళ్ళు.

అదంతా స్వర్ణయుగం అని నేను అనను. ప్రకటనల కోసం మిల్లుల వాళ్ళను బెదిరించే విలేకరులు అప్పుడూ ఉన్నారు. నాయకుడి పుట్టినరోజు వస్తే సిగ్గు లేకుండా పేజీ నింపేవాళ్ళూ ఉన్నారు. మేమేమీ కడిగిన ముత్యాలం కాము. అయినా ఒక్క సంగతి మాత్రం నాకు బాగా గుర్తుంది. ఒకసారి ఆదోని దగ్గర ఒక పల్లెలో ఎవరో చనిపోతే, ఆయన ఫోటోకు బదులు బతికున్న తమ్ముడి ఫోటో వేశాం. మరునాడు అదే పేజీలో, అదే చోట సవరణ వేశాం. అప్పటి మా ఇన్‌ఛార్జి ఆ విలేకరిని పేపరు పట్టుకుని వాళ్ళింటికి స్వయంగా పోయి రమ్మన్నాడు. ఆ తమ్ముడు చాలా కోపంగా ఉన్నాడట. అయితే టీ అంగట్లో ముందురోజు ఆయన్ను చచ్చినవాడిగా చూసినవాళ్ళే, మరునాడు అదే బల్ల మీద అదే పేపర్లో సవరణ చదివారు. తప్పు ఎంత దూరం పోయిందో సవరణ కూడా అంతే దూరం పోయింది. అప్పట్లో అది నాకు విశేషంగా తోచలేదు. పేపరంటే అంతే కదా అనుకున్నాను.

తర్వాత జిల్లా పేపరు పలచబడింది. ముందు పేజీలు తగ్గాయి. ఆపైన కడపదీ మాదీ కలిపేశారు. రాయచోటిలో జరిగిన సంగతి పత్తికొండవాళ్ళకు, పత్తికొండ సంగతి రాయచోటివాళ్ళకు పోతుంటే, ఇద్దరూ పేపరు మానేశారు. ఊళ్ళకు పేపర్లు వేసే ఏజెంట్లు ఒక్కొక్కరే కట్టలు తగ్గించుకున్నారు. జనం ఫోన్లకు పోయారు, మేమూ వాళ్ళ వెనకే పోవాలన్నారు. మా డెస్కులో కొంతమందిని పంపించేశారు. మిగిలినవాళ్ళకు 'డిజిటల్' అని పేరు పెట్టారు. పేజీలు అతికించే గోడకు ఒక పెద్ద స్క్రీను బిగించారు. ఏ వార్తను ఈ క్షణం ఎంతమంది చూస్తున్నారో అది చూపిస్తుంది. ఎక్కువమంది చూసేది పైకి ఎగబాకుతుంది, చూడనిది కిందికి జారిపోతుంది. బోరు ఎండిన వార్త ఆ స్క్రీను మీద నేనెప్పుడూ చూడలేదు.

కొత్త ఇన్‌ఛార్జి కడప అబ్బాయి. పేజీ ఎలా కట్టాలో నా దగ్గరే నేర్చుకున్నాడు. చెడ్డవాడు కాదు. నాకు జ్వరం వస్తే ఇంటికి మందులు తెచ్చి ఇచ్చినవాడు. ఇది ముందే చెప్పడం అవసరం, ఎందుకంటే జరిగినదానికి ఒక దుర్మార్గుణ్ణి వెతికితే నాకు ఎవరూ దొరకలేదు.

జరిగింది మా ఊరి పెదనాన్నకు. ఆయన మాకు చుట్టం కాదు. మా నాన్నకు చిన్ననాటి స్నేహితుడు, పక్కిల్లు, అందుకని పెదనాన్న. పత్తికొండకు బస్సులో పోయేంత దూరంలో మా ఊరు. అక్కడ మా తాతల కాలం నాటి రాతి చర్చి ఉంది. ఆదివారం బైబిలు వాక్యం చదివేది ఆయనే. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మెడ దాకా గుండీలు పెట్టుకున్న తెల్ల చొక్కా వేసుకుని, నిలబడి చదివితే చివరి వరసలో ముసలివాళ్ళకు కూడా ప్రతి మాటా వినపడేది. మిగతా ఆరు రోజులూ ఎర్రనేలలో పని. బోరు కింద కొంచెం టమాటా, వాన మీద ఆధారపడి కంది, వేరుశనగ. పెద్దమ్మ సండే స్కూలు నడిపేది. మా ఊళ్ళో నా వయసువాళ్ళలో అక్షరాలు బడికంటే ముందు ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళే ఎక్కువ. ఆ ఏడు వానలప్పుడు ఆమెకు జ్వరం వచ్చి తగ్గలేదు. కర్నూలుకు తీసుకొచ్చారు. ఆసుపత్రిలోనే పోయింది. సమాధి దగ్గర పెదనాన్న కంటతడి పెట్టలేదు. వచ్చినవాళ్ళందరికీ కుర్చీలున్నాయా లేదా అని చూసుకుంటూ తిరిగాడు.

తర్వాత నెల గడిచిందో లేదో, టమాటా ధర పడిపోయింది. మాకు అది కొత్త కాదు. పత్తికొండ మార్కెట్టులో ధర పడిపోవడం, రైతులు రోడ్డు మీద పారబోయడం, మేము ఫోటో వేయడం ప్రతి ఏడూ ఉండేదే. ఆ మధ్యాహ్నం నేను భోజనం చేసి వచ్చి కూర్చునేసరికి ఒక వీడియో వచ్చి ఉంది. పత్తికొండలో ఇద్దరు కలిసి నడిపే చిన్న యూట్యూబ్ ఛానల్ వాళ్ళు పంపించారు. మా విలేకరిని తీసేసినప్పటి నుంచి అటువైపు మాకు వాళ్ళే దిక్కు.

వీడియోలో పారబోసిన టమాటాల మధ్య ఒక ముసలాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో తువ్వాలు. నోరు తెరిచి, చిన్నపిల్లాడిలా, శబ్దం చేస్తూ ఏడుస్తున్నాడు. వెనక వయొలిన్ కలిపారు. తువ్వాలు పక్కకు జరిగినప్పుడు ముఖం చూశాను. పెదనాన్న.

ఇన్‌ఛార్జిని పిలిచాను. "ఈయన నాకు తెలుసు. మా ఊరాయన."

"అయితే మంచిదే కదక్కా. పేరూ ఊరూ కరెక్టుగా ఇచ్చేయొచ్చు."

"ధర పడిందని ఏడ్చే మనిషి కాదు ఈయన. మొన్ననే భార్య పోయింది. ఒకసారి ఫోన్ చేసి కనుక్కోనీ. అప్పటిదాకా ఆపు."

"ఏడ్చింది నిజమే కదా. టమాటాలు పారబోసింది నిజమే కదా. ఇంకేం కనుక్కోవల్ల?"

"ఎందుకు ఏడ్చాడో కనుక్కోవాలి."

అతను గోడ మీది స్క్రీను వైపు ఒకసారి చూశాడు. "అక్కా, నువ్వు కనుక్కునే లోపల పక్కోళ్ళు పెట్టేస్తారు. తర్వాత మనం ఎంత కరెక్టుగా పెట్టినా చూసేవాడుండడు. నీకు తెల్దా ఏంది?"

నేను హెడ్డింగ్ రాయనన్నాను. పక్క కుర్చీలో అమ్మాయి రాసింది. పెదనాన్నకు ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. నేను రెండోసారి ప్రయత్నించేలోపే ఆ వీడియో స్క్రీను మీద అన్నిటికంటే పైకి పోయి నిలబడింది. డెస్కులో ఎవరో చప్పట్లు కొట్టారు.

మరునాటి నుంచి ఆ వీడియో మా చేతుల్లో లేదు. ముందు జాలిపడుతూ పంపుకున్నారు. తర్వాత ఎవరో వయొలిన్ తీసేసి ఒక సినిమా డాన్సు పాట కలిపారు. ఇంకెవరో ఆయన ఏడుపును ముందుకూ వెనక్కూ తిప్పి తాళం వేసినట్టు చేశారు. 'టమాటా తాత' అని పేరొచ్చింది. పెళ్ళిలో మాంసం అయిపోతే టమాటా తాత, క్రికెట్టులో ఓడిపోతే టమాటా తాత. నోరు తెరిచిన ఆ ముఖాన్ని కత్తిరించి వాట్సాప్‌లో స్టిక్కరు చేశారు. మా అపార్టుమెంటు గ్రూపులో ఒకామె నీళ్ళ ట్యాంకరు రాలేదని రాసి, కింద ఆ స్టిక్కరు పెట్టింది. మంచావిడ. ఆయన నాకు తెలుసని ఆమెకు తెలియదు. ఆయన ఒక మనిషని కూడా ఆమెకు గుర్తుండి ఉండదు.

రెండో ఆదివారం మా ఊరికి పోయాను. చర్చిలో పెదనాన్న వెనక వరసలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వాక్యం వేరే ఎవరో చదివారు, గబగబా, మాటలు మింగేస్తూ. ఆరాధన అయ్యాక ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి నడిచాడు. నేను వెనకే పోయాను. నులకమంచం వాల్చి, "కూర్చోమ్మా" అన్నాడు. లోపలికి పోయి తనే టీ పెట్టుకొచ్చాడు. చక్కెర ఎక్కువైంది. పెద్దమ్మ ఎంత వేసేదో ఆయనకు తెలియదు.

"వాక్యం ఎందుకు చదవలేదు పెదనాన్నా?"

"పోయిన వారం చదివినా. లేచి నిలబడి నోరు తెరిచేసరికి వెనక పిల్లోల్లు ఎవురో ఫోన్లో ఆ ఏడుపు పెట్టినారు. శానామంది నవ్వినారు. పాస్టరు అయ్యగారు కేకలేసినాడులే." టీ గ్లాసు కింద పెట్టాడు. "మీ పెద్దమ్మ దగ్గర చదువుకున్న పిల్లోల్లేనమ్మా."

నేను ఆ రోజు మార్కెట్టులో ఏం జరిగిందని అడిగాను. అడగాలని ఉండి కాదు. ఎవరో ఒకరు అడగాలి కదా అని.

"పారబోసినా. అది నిజమే. ఆటోకు పెట్టిన ఖర్చు కూడా రాదంటే ఏం జెయ్యాల? ఇంతకు ముందూ పారబోసినా కదా. పారబోసి, గంపలు ఏరుకుంటాండా. ఇద్దరు మైకు తీసుకుని వచ్చినారు. ఎంత నష్టం అని అడిగినారు, చెప్పినా. ఎవురు బాధ్యులు అని అడిగినారు, ఏమో నాయనా అన్నా. పోతా పోతా ఒకడు, ఇప్పుడు ఇంటికి పోయి అవ్వకు ఏం చెప్తావు తాతా అన్నాడు."

కింద పెట్టిన గ్లాసును గోడ వైపుకు జరిపాడు.

"ఎప్పుడు నష్టమొచ్చినా ఇంటికొచ్చి ఆమెకు చెప్పేవాణ్ణి. పోతే పోయిందిలే, మళ్ళా పెడదాం అనేది. ప్రతిసారీ అదే మాట. వాడు అట్లా అడిగేసరికి, ఇంటికి పోతే చెప్పేదానికి ఎవురూ లేరని అప్పుడు తెలిసొచ్చిందమ్మా. సమాధి కాడ కూడా తెలీలేదు. ఆ టమాటాల్లో తెలిసింది."

"వాళ్ళకు చెప్పలేదా?"

"చెప్పినా. ఆమె లేదు నాయనా, పోయింది అని చెప్పినా. ఆ మాట తీసేసినారు. ఏడుపు పెట్టుకున్నారు." తర్వాత నా వైపు చూశాడు. "అది తీపియ్యమ్మా. నువ్వు ఆఫీసులోనే ఉండావు కదా."

సరేనన్నాను. అంత సులువుగా ఎందుకన్నానో తెలియదు. ఆ ఇంటి వసారాలో, ఆయన ఎదురుగా కూర్చున్నప్పుడు అది చాలా చిన్న పనిలా అనిపించింది.

సోమవారం ఇన్‌ఛార్జికి అంతా చెప్పాను. అతను విన్నాడు. విని, నిజంగా బాధపడ్డాడు. హైదరాబాదుకు ఫోన్ చేశాడు. అవతలివాళ్ళు ఏమన్నారో అతని ముఖం చూస్తే అర్థమైంది. ఆ నెలలో మా జిల్లా నుంచి అంతమంది చూసిన వీడియో మరొకటి లేదు.

"మనం తీసినా పోదక్కా. వెయ్యి చోట్ల ఉంది," అన్నాడు.

"పోకపోనీ. మనది మనం తీసేద్దాం."

"ఒప్పుకోరు. ఒక పని చెయ్. అసలు జరిగిందేమో నువ్వు రాయి. పెడదాం. అందరికీ తెలుస్తుంది."

పెదనాన్నను అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "రాయి. నేను టమాటాలకు ఏడ్చినానని అనుకోకుంటే చాలు" అన్నాడు. రాశాను. నా ఉద్యోగంలో అంత జాగ్రత్తగా దేన్నీ రాయలేదు. ఒక్క విశేషణం వేయలేదు. పెద్దమ్మ ఎవరో, ఎలా పోయిందో, ఆ ప్రశ్న ఏమిటో రాశాను. ఏడుస్తున్న ఆ బొమ్మ వాడొద్దని వేరే ఫోటో ఇచ్చాను. క్రిస్మస్ నాడు చర్చి మెట్ల మీద ఇద్దరూ నిలబడి దిగిన ఫోటో. అందులో పెద్దమ్మ నవ్వుతోంది, ఆయన కెమెరా వైపు కాక ఆమె కొంగు మెట్టు మీద పడుతోందేమోనని చూస్తున్నాడు.

పేపర్లో రాలేదు. జిల్లా పేజీకి ఆఖరి నిమిషంలో స్థలాల వ్యాపారి ప్రకటన వచ్చింది. ఫోన్లోకి మాత్రం ఎక్కింది. 'టమాటా తాత కన్నీళ్ళ వెనక షాకింగ్ నిజం' అని పెట్టారు. పైన బొమ్మ, నోరు తెరిచిన ఆ ముఖమే. చర్చి మెట్ల ఫోటో చూడాలంటే లోపలికి పోయి, మూడు ప్రకటనలు దాటి, కింది దాకా జరపాలి. లోపలికి పోయినవాళ్ళు తక్కువ. బొమ్మ చూసి, కింద కామెంటు పెట్టి పోయినవాళ్ళే ఎక్కువ. తాతను మళ్ళీ ఒకసారి ఏడిపించండి అని ఒకడు రాశాడు. దానికి చాలామంది నవ్వు బొమ్మలు పెట్టారు.

నేను ఇన్‌ఛార్జి బల్ల దగ్గరికి పోయి నిలబడ్డాను. అతను తలెత్తకుండానే, "ఆ బొమ్మ లేకుంటే ఎవరూ నొక్కరక్కా. నీ వార్త చదవాలనే పెట్టినా" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. అతను నిజంగానే నాకు సాయం చేశాననుకుంటున్నాడు.

సాయంత్రం పెదనాన్న ఫోన్ చేశాడు. పక్కింటివాళ్ళు చూపించారట. కోపంగా మాట్లాడలేదు.

"మళ్ళా అదే బొమ్మ వేసినారేమ్మా."

"వద్దని చెప్పినాను పెదనాన్నా. వినలేదు."

"ఇన్నాళ్ళు నేనొక్కణ్ణే ఉంటిని దాంట్లో. ఇప్పుడు ఆమెను కూడా లాగినారు." తర్వాత, "సరేలేమ్మా, ఇంక ఏం రాయొద్దు" అన్నాడు.

ఆ తర్వాత ఒకరోజు, నష్టపోయిన రైతులను ఆదుకుంటామంటూ వీడియోలు తీసే ఒక బృందం బియ్యం మూట, చీర పట్టుకుని ఆయన ఇంటికి వచ్చింది. మూట ఇచ్చేటప్పుడు ఆయన దండం పెట్టాలి, వాళ్ళు తీయాలి. చీర ఎవరికి అని ఆయన అడిగాడట. అవ్వకు అన్నారు. ఆయన లోపలికి పోయి తలుపేసుకున్నాడు. వాళ్ళు మూసిన తలుపునే వీడియో తీసుకుని, సాయం చేయబోతే తాతకు ఎంత పొగరో చూడండని పెట్టారు. తర్వాత ఎన్నికలొచ్చాయి. మీ పాలనలో రైతు కన్నీళ్ళు అని ఒక పార్టీ ఆయన ముఖం వేసింది. మీ పాలనలో అని రెండో పార్టీ కూడా అదే ముఖం వేసింది. రెండూ మా డెస్కు మీదుగానే పోయాయి, ప్రకటనలుగా.

ఆయన పత్తికొండ మార్కెట్టుకు పోవడం మానేశాడు. గేటు దగ్గర గుమాస్తాలు, హమాలీలు, కూరగాయలు కొనేవాళ్ళు అందరూ ఆయన్ను గుర్తుపడుతున్నారు. కొందరు జాలిగా భుజం మీద చెయ్యి వేస్తున్నారు. అది ఇంకా కష్టంగా ఉందన్నాడు. మరుసటి ఏడు టమాటా పెట్టలేదు. బోరు కింద కూడా ఆముదాలే వేశాడు. ఆముదానికి అంత నీళ్ళు అక్కర్లేదని ఊళ్ళో అందరూ నవ్వారు. చర్చికి మాత్రం పోతున్నాడు. వాక్యం మళ్ళీ చదవలేదు. అయ్యగారు ఒకటి రెండుసార్లు బతిమాలి ఊరుకున్నాడు.

ఉద్యోగం మానేయాలని నేనూ అనుకున్నాను. మానేస్తే ఎక్కడికి పోవాలి? వేరే పేపరుకు పోతే అక్కడా అదే గోడ, అదే స్క్రీను. వాక్యం దిద్దడం తప్ప నాకు వేరే పని రాదు. దిద్దిన వాక్యం ఇప్పుడు ఎవరికీ అవసరం లేదని తెలిశాక కూడా రోజూ పోయి కూర్చుంటున్నాను.

ఈ ఏడు మళ్ళీ ధర పడింది. మధ్యాహ్నం స్క్రీను మీద పెదనాన్న కనిపించాడు. 'టమాటా రైతు కంటతడి' అని, నిన్న జరిగినట్టు. అదే తువ్వాలు, అదే వయొలిన్. ఇన్‌ఛార్జి దగ్గరికి పోయి, "ఇది పాతది. ఆయన ఈ ఏడు టమాటానే పెట్టలేదు" అన్నాను.

"కొత్తది ఏదీ ఇంత బాగా రాలేదక్కా," అన్నాడు. "అయినా ధర పడింది నిజమే కదా."

బయటికి వచ్చి పెదనాన్నకు ఫోన్ చేశాను. ఎవరో చెప్పేకంటే నేనే చెప్పడం మేలనిపించింది. ఆయనకు అప్పటికే తెలుసు.

"ఈ ఏడు నేను టమాటా పెట్టనే లేదు కదమ్మా. ఆముదాలు పెట్టినా."

"తెలుసు పెదనాన్నా."

"మరి ఎందుకేసినారు?"

తర్వాత ఆయనే, ఆముదాలు ఈసారి బాగానే కాసినాయని చెప్పి పెట్టేశాడు.

ఆ తర్వాత నేను చేస్తే ఫోన్ ఎత్తడం లేదు. మా తమ్ముడి ఫోన్ నుంచి చేస్తే ఎత్తుతున్నాడు, వాడితో బాగానే మాట్లాడుతున్నాడు. పొలం గురించి, బోరు గురించి, చర్చికి సున్నం వేయించడం గురించి. నా సంగతి అడగడట.